ఐఐటీ సివిలా, బిట్స్ కంప్యూటర్సా: అప్పు లెక్క వేశారా?

జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, బిట్‌శాట్ స్కోరు రెండూ చేతికొచ్చిన ఇళ్లలో జూన్ నెలంతా ఒకటే చర్చ. ‘తిరుపతి ఐఐటీలో సివిల్ వస్తోందండీ, హైదరాబాద్ బిట్స్‌లో కంప్యూటర్స్ వచ్చేలా ఉంది. ఏది తీసుకోమంటారు?’ అమరావతి, క్రోసూరు, అచ్చంపేట మండలాల తల్లిదండ్రులు నా దగ్గరికి తెచ్చే ప్రశ్న ఇది. అడిగేటప్పటికే చాలామంది కంప్యూటర్స్ అని ఖాయం చేసుకుని ఉంటారు. నా నోటి నుంచి ‘సరే’ అనిపించుకోవడానికే వస్తారు. డబ్బు సంగతి ఎత్తితే ‘అదెంతండీ, ఉద్యోగం రాగానే రెండేళ్లలో తీరిపోతుంది’ అంటారు. ఆ రెండేళ్ల మాటను నేను ఒప్పుకోను.

కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. బిట్స్‌లో నాలుగేళ్లకు ట్యూషన్ ఫీజే 20 లక్షలు దాటుతుంది. హాస్టలు, మెస్సు, ప్రయాణాలు దానికి అదనం. పైఖర్చులు ఇంట్లోంచి పెట్టుకుని, ఏటా 5 లక్షల చొప్పున 20 లక్షలు మాత్రమే బ్యాంకులో తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10 శాతం వేసుకోండి. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత గడువు ఇంకో ఏడాది. ఈ ఐదేళ్లలో మామూలు వడ్డీయే 7 లక్షలు పెరుగుతుంది. కిస్తీ మొదలయ్యే నాటికి నెత్తిమీద 27 లక్షలు ఉంటాయి. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 35 వేలకు పైగా కట్టాలి. క్యాంపస్‌లో మంచి ప్యాకేజీ వచ్చిన పిల్లవాడు కట్టగలడు, నిజమే. కానీ ఎంటెక్ చేస్తాననడానికి, సివిల్స్ రాస్తాననడానికి, నచ్చని ఉద్యోగం వదిలి నాలుగు నెలలు వేరే దారి చూసుకోవడానికి వాడికి వీలుండదు. ఇరవై రెండేళ్లకే వాడి తర్వాతి పదేళ్లు బ్యాంకు చేతిలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ నియామకాలు తగ్గిన ఏడాది వాడు బయటికొస్తే ఆ కిస్తీ ఎవరు కడతారో, ఏ పొలం తాకట్టుకు వెళ్తుందో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మిర్చి ధర పడిపోయిన ఏడాది గుంటూరు యార్డు నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఐఐటీ వైపు లెక్క వేరు. జనరల్ పిల్లలకు ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు ఉంటే ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులు ఆదాయంతో పని లేకుండా ట్యూషన్ ఫీజు కట్టనక్కర్లేదు. అంటే ఐదెకరాల్లోపు పత్తి, మిర్చి వేసుకునే ఇంట్లో పిల్లవాడికి నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు మూడు లక్షల లోపే. సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం తీసుకోవడం ఆలస్యం చేసి ఈ మాఫీ పోగొట్టుకునే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే ఉండాలి. రాష్ట్రం ఇచ్చిన బీసీ పత్రం అక్కడ చెల్లదు.

నా అభిప్రాయం దాచుకోను. ఆదాయం 5 లక్షల లోపు ఉన్న ఇంటికి ఐఐటీ సీటు వస్తే, అది ఏ బ్రాంచి అయినా, పిల్లవాడికి ఆ సబ్జెక్టు మీద అయిష్టం లేనంత వరకు, అదే తీసుకోమంటాను. ‘సివిల్‌లో ఏముందండీ’ అనే మాట పల్నాడులో వినాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. నాగార్జున సాగర్ కుడి కాలువ నీళ్లతో పండిన ప్రాంతం మనది. 2024 ఆగస్టులో రాజధాని అమరావతిలో ఐదేళ్లుగా నీళ్లలో నానిన పునాదులు పనికొస్తాయో లేదో తేల్చమని ప్రభుత్వం మద్రాస్ ఐఐటీ, హైదరాబాద్ ఐఐటీ నిపుణులను పిలిపించింది. మన ఊళ్లకు కూతవేటు దూరంలో వాళ్లు చేసిన ఆ పని సివిల్ ఇంజినీర్లది. కొండవీటి వాగు ముంపు ఆపడం, కృష్ణా కరకట్ట పక్కన నల్లరేగడిలో ఎత్తైన భవనాలు నిలబెట్టడం, ఇవన్నీ ఇంకా ఎన్నో ఏళ్లు సాగే పనులు. సివిల్ చదివినవాడు కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు వెళ్తానన్నా ఆపేవాళ్లు లేరు. అయితే చేరాక బ్రాంచి మారిపోవచ్చన్న ఆశతో మాత్రం చేర్చకండి. కొన్ని ఐఐటీలు ఆ అవకాశాన్ని తీసేశాయి. ఉన్నచోట్ల కూడా మొదటి ఏడాది మార్కుల్లో అగ్రస్థానంలో ఉన్న కొద్దిమందికే అది దక్కుతుంది.

బిట్స్‌ను తక్కువ చేసి మాట్లాడటం లేదు. 1964లో పిలానీలో అమెరికాలోని ఎంఐటీ తోడ్పాటుతో రూపుదిద్దుకున్న సంస్థ అది. హైదరాబాద్ క్యాంపస్ 2008లో మొదలైంది. ప్రాక్టీస్ స్కూల్ పేరుతో ఒక సెమిస్టరంతా కంపెనీలో పనిచేయించడం దాని గొప్ప బలం. డ్యూయల్ డిగ్రీ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లోనో ఎకనమిక్స్‌లోనో చేరి, మొదటి ఏడాది గ్రేడ్లను బట్టి ఇంజినీరింగ్ బ్రాంచి తీసుకోవచ్చు. ఐదేళ్లు పడుతుంది కాబట్టి ఖర్చూ ఐదేళ్లదే. డబ్బున్న ఇంట్లో, సొంతంగా చదువుకునే అలవాటున్న పిల్లకైనా పిల్లవాడికైనా బిట్స్ చక్కటి చోటు.

ఆ అలవాటు దగ్గరే నాకు అసలు భయం. బిట్స్‌లో హాజరు తప్పనిసరి కాదు. మన పిల్లలు వచ్చేదేమో రెసిడెన్షియల్ కాలేజీల నుంచి. తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపేది ఇన్‌ఛార్జి, రాత్రి లైట్లార్పేది ఇన్‌ఛార్జి. ఫోన్ ఆదివారం పది నిమిషాలు. రెండేళ్ల పాటు తన రోజును తాను గడపడమంటే ఏమిటో తెలియని పిల్లవాణ్ని తీసుకెళ్లి, క్లాసుకు వెళ్లినా వెళ్లకపోయినా అడిగేవాళ్లు లేని చోట వదిలేస్తాం. మొదటి సెమిస్టర్లో తడబడతాడు. అప్పుడు ఇంట్లోంచి వెళ్లే మొదటి ఫోన్ ‘ఇన్ని లక్షలు పోస్తుంటే’ అని మొదలవుతుంది. ఆ వయసు పిల్లలతో అలా మాట్లాడటానికి ఎవరికీ హక్కు లేదు. మొన్న ఒక తండ్రి ముప్పావుగంట మాట్లాడాడు, కొడుకు తల ఎత్తలేదు. తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాక ఆ అబ్బాయి మెల్లగా అడిగింది ఒక్కటే: ‘అక్కడ ఎవరూ చదివించరట కదా సార్, నా అంతట నేను చదవగలనా?’ ఇంట్లో ఆ ప్రశ్న వాణ్ని ఎవరూ అడగలేదు.

ఇక ఈ సీజన్‌లో తిరిగే మోసాలు. ఐఐటీలోగానీ బిట్స్‌లోగానీ మేనేజ్‌మెంట్ కోటా లేదు. ఇప్పిస్తామని ఫోన్ చేసేవాడికి అడ్వాన్స్ ఇచ్చారంటే ఆ డబ్బు మర్చిపోవాల్సిందే. ‘సివిల్ వదిలేయండి, లాంగ్ టర్మ్ పెట్టిస్తే వచ్చే ఏడాది కంప్యూటర్స్ గ్యారంటీ’ అనేవాళ్లు ఇంకో రకం. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లే రాయనిస్తారు. ఐఐటీ సీటు తీసుకుని చేరితే మరుసటి ఏడాది రాయనివ్వరు. చేతికొచ్చిన సీటు వదిలించి మళ్లీ ఆ గదుల్లోకి పంపాలంటే పిల్లవాడే పట్టుబట్టి అడగాలి. కోచింగ్ సెంటర్ పీఆర్వో మాట మీద పంపకండి. 2025లో ప్రకటించిన అమరావతి బిట్స్ క్యాంపస్ కోసం ఏడాది ఆగుతామన్న వాళ్లూ ఉన్నారు. ఆగకండి. కొత్త క్యాంపస్‌ల తొలి బ్యాచ్‌లు ఎలా నడుస్తాయో తిరుపతి ఐఐటీ పాత విద్యార్థులను అడగండి. 2015లో వాళ్ల చదువు మొదలైంది తాత్కాలిక భవనాల్లోనే.

ఆడపిల్లల విషయంలో ఇంకా పెద్ద నష్టం చేసుకుంటున్నాం. ఐఐటీల్లో వాళ్ల వాటా 20 శాతానికి చేరేలా అదనపు సీట్లు ఉన్నాయి. అబ్బాయిల కన్నా వెనక ర్యాంకుకే వాళ్లకు మంచి బ్రాంచి వస్తోంది. అయినా ‘అంత దూరం పంపం’ అని దగ్గర్లో ఎక్కువ ఫీజున్న కాలేజీలో చేర్పిస్తున్నారు. సత్తెనపల్లిలో రాత్రి నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. అది దూరమా?

అప్పు తప్పదనుకుంటే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం చూడండి. మంచి ర్యాంకున్న సంస్థల్లో చేరేవాళ్లకు పొలం తాకట్టు, పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది, అయితే ఏటా లక్షమందికే. బిట్స్‌లో మార్కులు, ఆదాయం చూసి ఫీజు తగ్గించే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. వాటిని ముందే లెక్కలో వేసుకుని దిగవద్దు.

చివరిగా, ఐఐటీ సీట్ల కౌన్సెలింగ్ జోసాలో ఆప్షన్లు నెట్ సెంటర్ కుర్రాడి చేత పెట్టించకండి. పాస్‌వర్డు అతని నోటు పుస్తకంలో, ఓటీపీ నాన్న ఫోన్లో, పిల్లవాడు బయట బైక్ మీద కూర్చుని ఉంటాడు. వాడినే కూర్చోబెట్టి తన చేత్తో తనే పెట్టుకోనివ్వండి. ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అంటే ఏమిటో వాడి నోటితో మీకు చెప్పించుకోండి. బిట్స్‌లో ఫీజు కట్టి ఉంటే, వెనక్కి తీసుకునే గడువు తేదీ, జోసా రౌండ్ల తేదీలు ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించండి. లాక్ చేసే ముందు ఆప్షన్ల జాబితా ప్రింటు తీసి ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోండి. పొద్దున లేచాక వరస మార్చమని పిల్లవాడు అడిగితే మార్చనివ్వండి.