వేసవిలో గేదెల మూగ ఎద – ప్రొలాక్టిన్ పాత్ర

వేసవిలో ఎదకు రాని గేదెను చూడి కట్టినదిగానో, గొడ్డుమోతుదిగానో భావించడం పరిపాటి. ఈ రెండూ పొరపాటు కావచ్చును.

ప్రొలాక్టిన్ పీయూష గ్రంథి స్రవించే హార్మోను. పాల ఉత్పత్తికి తోడ్పడుతుంది. పగటి కాలము, ఎండ తీవ్రత పెరిగే కొలదీ రక్తంలో దీని స్థాయి పెరుగుతుంది. హెచ్చు స్థాయిలో ఇది మెదడు నుండి జి.ఎన్.ఆర్.హెచ్. విడుదలను అణచివేస్తుంది. తత్ఫలితంగా ఎల్.హెచ్. తగ్గి, అండాశయంలో అండపుటికల ఎదుగుదల మందగిస్తుంది. ఈస్ట్రోజన్ చాలక ఎద లక్షణాలు పైకి కనబడవు. నల్లని చర్మము, తక్కువ స్వేద గ్రంథులు ఉన్నందున గేదెలు వేడిమికి త్వరగా లోనవుతాయి.

ఒక ఎద తప్పితే సుమారు 21 రోజుల మేపు ఖర్చు రైతుకు నష్టమే. కావున గేదెలకు నీడ, చల్లని త్రాగునీరు, రోజుకు రెండు మూడు సార్లు నీటి జల్లు లేదా చెరువులో పొర్లాడే వీలు, పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమము సమకూర్చవలెను. తెల్లవారుజామున, రాత్రివేళ ఎదను గమనించవలెను. ఎద మొదలైన 12 గంటల తరువాత కృత్రిమ గర్భధారణ చేయించి, 60–90 రోజులకు పశువైద్యునిచే చూడి పరీక్ష జరిపించవలెను. పరీక్ష చేయించక మునుపే గొడ్డుదని గేదెను అమ్ముకొనరాదు.