మనుమనికి రసాయన సమీకరణములను గూర్చి

తిరుమలాయపాలెం.



లోహముల స్థానభ్రంశచర్యలను తుల్యము చేయబోయినప్పుడెల్ల అంకెలు ఒకచోట కుదిరిన మరియొకచోట చెడుచున్నవనియు, విసుగు పుట్టుచున్నదనియు నీవు వ్రాసిన జాబు చేరినది. నాయనా, క్షణకాలము పుస్తకము మూసి, బత్తాయి తోటలకు బోర్డో మిశ్రమము కలుపు రైతును జ్ఞప్తికి తెచ్చుకొనుము. నూరు లీటర్ల నీటికి కిలో మైలుతుత్తము (కాపర్ సల్ఫేటు), కిలో సున్నము చొప్పున, ఇనుపపాత్ర తగులనీయక ప్లాస్టిక్ తొట్టిలో కలిపి, పిమ్మట తళతళలాడు కొడవలి మొనను అందు ముంచి చూచును. మొనపై ఎర్రని రాగిపూత పట్టెనేని, తుత్తము ఇంకను విరుగక మిగిలియున్నదని గ్రహించి మరికొంత సున్నపునీరు పోయును. నీ పాఠములోని తొలి సమీకరణము ఆ మొనమీదనే జరుగుచున్నది. ఇనుము తాను కరగి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) యై, సల్ఫేటునుండి రాగిని వెడలగొట్టుచున్నది. రెండు లోహములకును ఇచ్చట సంయోజకత రెండే గనుక ఒకటికొకటి చెల్లినది. 56 పాళ్ల ఇనుము పోయి 63.5 పాళ్ల రాగి వచ్చును.

చిక్కెల్ల ఇనుమునకు బదులు అల్యూమినియమును తుత్తపు ద్రావణములో వేసినప్పుడు వచ్చును. దాని సంయోజకత మూడు, సల్ఫేటుది రెండు. కావున రెండు అల్యూమినియం పరమాణువులు మూడు సల్ఫేటులతో కూడవలెను. ఆ మూడు సల్ఫేటులు మూడు తుత్తములనుండియే గదా రావలెను! కనుక విడివడు రాగియు మూడే. సల్ఫేటును గంధకముగను ఆక్సిజనుగను చీల్చక ఒక్క మూటగా లెక్కించుము. చర్యలో అది చెదరుట లేదు. సూత్రము లోపలి చిన్న అంకెను మాత్రము ఎన్నడును ముట్టకుము. దానిని మార్చినచో సమీకరణము తుల్యమైనట్లు కనబడునే గాని, నీవు లోకమున లేని పదార్థమును కల్పించినవాడవగుదువు. మార్పదగినది సూత్రమునకు ముందుండు గుణకము ఒక్కటే.

మరియొక మాట, దీనిని నేను అన్నిటికంటె ముఖ్యముగా ఎంచుచున్నాను. అన్నభేది ద్రావణములో రాగితీగ వేసినట్లు వ్రాసినను అంకెలు చక్కగా సరిపడును. గాజుపాత్రలో మాత్రము ఏమియు జరుగదు. కావున 1865లో రష్యా రసాయనశాస్త్రజ్ఞుడు బెకెటోవ్ కూర్చిన వరుసవంటి చర్యాశీలత శ్రేణిని ముందు చూచి, పైనున్న లోహమే క్రిందిదానిని తొలగించునని నిర్ణయించుకొని, ఆ తరువాతనే కలము పట్టుము.

రైలుపట్టాలను అతుకుటకు ఇనుప ఆక్సైడును అల్యూమినియపు పొడితో మండించి, కరగిన ఇనుమును సందులోనికి పోయుదురు. రాగిని గెలిచిన ఇనుము అచ్చట అల్యూమినియము చేతిలో ఓడును. ఆ సమీకరణమును తుల్యము చేసి, ఏ గుణకము ఏల వచ్చెనో కారణముతోకూడ వ్రాసి పంపుము.

ఇట్లు,
మీ తాతయ్య