మామగారి అరవై, మరిడమ్మ జాతర

ప్రశ్న: పెద్దాపురంలో మాకు చిన్న బట్టల కొట్టు ఉంది. పెళ్లయి నాలుగేళ్లయింది. మా మామగారి షష్టిపూర్తి ఈ ఆషాఢంలో ఓ ఆదివారం, హైదరాబాదు మియాపూర్‌లో. శుక్రవారం రాత్రే వెళ్దామంటుంది మా ఆవిడ. ఆ ఆదివారమే మా ఊరి మరిడమ్మ జాతరకని మా మేనత్తలూ పిన్నివాళ్లూ మా ఇంటికొస్తారు. "శనివారం రాత్రి రైలెక్కి భోజనాల వేళకి కనబడి వచ్చెయ్యి, అల్లుడివి, ఆ మాత్రం చాలు" అంటుంది అమ్మ. నిజం చెప్పాలంటే నాకూ అదే బాగుందనిపిస్తోంది. తోడల్లుళ్లిద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్నారు. కిందటేడు మా బావమరిది గృహప్రవేశంలో వాళ్ల మాటల్లో కలవలేక ఓ మూల కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఏం చెయ్యమంటారు?
- ఓ పాఠకుడు, పెద్దాపురం

జవాబు: శుక్రవారం రాత్రే బయలుదేరండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పెళ్లయితే ఈ ముహూర్తం కాకపోతే ఇంకోటి చూసుకుంటాం. షష్టిపూర్తికి ఆ వెసులుబాటు తక్కువ. మన సంవత్సరాల పేర్లు అరవై. మనిషి పుట్టిన సంవత్సరం పేరు అరవయ్యేళ్లకి తిరిగొస్తుంది. 1966 ఉగాది తర్వాత పరాభవలో పుట్టినవారికి 2026 ఉగాదితో మళ్లీ పరాభవ వచ్చింది. పుట్టిన నెల, జన్మనక్షత్రం చూసి చేస్తారు కాబట్టి ఆషాఢమని ఆగరు. అల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదన్న ఆనవాయితీ కొత్త పెళ్లికొడుక్కి, అదీ మొదటి ఏడాదికే. మీకు ఆ అడ్డు లేదు.

ఇక జాతర. మరిడమ్మ తల్లి జాతర ఒక్కరోజుది కాదు, ఆషాఢమంతా సాగుతుంది. మీ మేనత్తలకి ఇంకో ఆదివారం ఉంది. మీ మామగారికి అరవై నిండేది ఒక్కసారే. ఈ మాట అమ్మకి మీరే చెప్పండి. "మీ కోడలు వెళ్దామంటోంది" అని మాత్రం చెప్పకండి. "నేను వెళ్లాలనుకుంటున్నానమ్మా, అత్తయ్యలకి ముందు వారం రమ్మని నేనే ఫోను చేస్తాను" అనండి. చేస్తానన్న ఫోను నిజంగా చెయ్యండి. నిర్ణయం మీదని తెలిస్తే అమ్మ కాస్త గొణిగి ఊరుకుంటుంది. కోడలిదనుకుంటే ఆ కోపం ఏడాది పొడుగునా వంటింట్లో తిరుగుతుంది.

మీ ఆవిడ అలక సంగతి. జాతరకి మీ ఇంటికొచ్చే ప్రతి మనిషీ ఆవిడకి తెలుసు. ఎవరికి కాఫీలో పంచదార వెయ్యకూడదో, ఎవరి మనవడికి ఏ ఊళ్లో సీటొచ్చిందో కూడా తెలిసే ఉంటుంది. నాలుగేళ్లుగా మీ చుట్టాలని తన చుట్టాలు చేసుకుంది. ఆవిడ బాబాయిల పేర్లు మీరు వరసగా చెప్పగలరా? గృహప్రవేశం రోజు ఆవిడ నొచ్చుకున్నది మీకు ఇంగ్లీషు కబుర్లు రాకపోయినందుకు కాదు. తన పుట్టింట్లో మీరు ఎవరి పెళ్లికో వచ్చినవాడిలా కూర్చున్నందుకు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోట దాటాక పడుకునేలోపు ఆవిడనే అడగండి, ఎవరెవరు వస్తున్నారో, ఎవరు ఏమవుతారో. ఆ ఒక్క గంటతోనే సగం బెరుకు పోతుంది.

మిగతా సగానికి శనివారం ఉంది. అందుకే శుక్రవారం బయలుదేరమంటున్నాను. శుభకార్యానికి ముందురోజు ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. పురోహితుడు రాసిచ్చిన చిట్టా పట్టుకుని మీ బావమరిది కంగారుపడుతుంటాడు. కలశాలకి చెంబులు, కొబ్బరికాయలు, నవధాన్యాలు, మామిడాకులు, హోమానికి నెయ్యి, సమిధలు. ఆపైన వచ్చినవాళ్లకి పెట్టాల్సిన బట్టలు. రోజూ కొట్లో చిట్టా చూసి సరుకు లెక్కపెట్టే మీకు ఇదేమీ కొత్త కాదు. ఆ కాగితం మీరు తీసుకోండి. పెట్టుబడి బట్టలు వరసప్రకారం సర్ది, పేరు రాసి పెట్టండి. ఈ పనిలో తోడల్లుళ్లే మీ వెనకాల సంచి పట్టుకుని వస్తారు. కలిసి ఆటోలో కొబ్బరికాయలు తెచ్చుకున్నాక మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మన వైపు చాలా ఇళ్లలో కలశాల నీళ్లతో ఆ దంపతులకి అభిషేకం చేసేది పిల్లలూ అల్లుళ్లూ కోడళ్లే. తర్వాత మీ మామగారు మీ అత్తగారి మెడలో మళ్లీ తాళి కడతారు. ఆ వేళకి మీరు మీ ఆవిడ పక్కన నిలబడి ఉండాలి. భోజనాల వేళకి వెళ్తే అదంతా అయిపోయి ఉంటుంది. మామగారికి మన ఊరి పట్టు పంచె ఒకటి మీ చేతులతో ఎంచి తీసుకెళ్లండి. అంతకన్నా మంచి కానుక నాకు తోచడం లేదు.

టిక్కెట్ల మాట మర్చిపోకండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆదివారం రాత్రి తిరుగు టిక్కెట్టుకి తాకిడి ఎక్కువ, అది తెరిచిన రోజే తీసుకోండి. గౌతమి లింగంపల్లి దాకా వెళ్తుంది, మియాపూర్ అక్కడికి దగ్గరే. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం కొట్టు తెరవొచ్చు.

ప్రశ్న: నాకు నిశ్చితార్థం అయింది. పెళ్లి మాఘంలో. కాబోయే ఆడపడుచు ఓణీల ఫంక్షను విశాఖపట్నంలో. శనివారమే వచ్చి రాత్రికి ఉండమంటున్నారు. మా నాన్నకి ఇష్టం లేదు. నాకు కాబోయే ఆయనేమో "నువ్వు రాకపోతే మా అమ్మ చిన్నబుచ్చుకుంటుంది" అంటున్నారు.
- ఓ పాఠకురాలు, పెద్దాపురం

జవాబు: వెళ్లమ్మా, రాత్రి ఉండకు. ఆ పిల్ల నిన్ను "వదినా" అని పిలవబోతోంది, తన పండగనాడు నువ్వు లేకపోతే ఆ వెలితి దానికి గుర్తుంటుంది. ఆదివారం పొద్దున్నే మీ అమ్మతోనో అన్నయ్యతోనో కలిసి వెళ్లు. మధ్యాహ్నం అక్షింతలూ భోజనాలూ అయ్యాక సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటావు. సామర్లకోటలో దిగితే మన ఊరు ఎంతసేపు?

పిలుపు మాత్రం అబ్బాయి ద్వారా కాకుండా, వాళ్లమ్మగారే మీ అమ్మకి ఫోను చేసి పిలవాలి. ఈ మాట అతనికి నువ్వే చెప్పు, నొప్పించకుండా, సూటిగా. చెబితే అర్థం చేసుకునే అబ్బాయే అయి ఉంటాడని అనుకుంటున్నాను. ఒకవేళ విసుక్కుంటే ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం నీకు మంచిది. మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారెయ్యకు. ఆయన నిన్ను వెళ్లొద్దనడం లేదు, రాత్రి ఉండొద్దంటున్నారు. ఆ రెండూ వేరు.

ప్రశ్న: మా వారి అక్క మనవడి బారసాలకి హైదరాబాదు వెళ్తున్నాం. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్దామంటే అక్కడికి చేరేసరికి ముక్కలవుతున్నాయి.
- ఓ గృహిణి, పెద్దాపురం

జవాబు: బియ్యప్పిండి జాలుతో తీసిన రేకు కదా, బరువుకీ చెమ్మకీ తట్టుకోదు. పెట్టెని సీటు కింద తోసెయ్యకండి, పై బెర్తులో తలవైపు పెట్టుకోండి, మీద ఏదీ వెయ్యకండి. దూరం ఎక్కువనిపిస్తే తాపేశ్వరం మడత కాజా నయం. కాకినాడ గొట్టం కాజా అయితే నొక్కుకుపోయి పాకం కారుతుంది, గట్టి డబ్బాలోనే సర్దండి. బాలింత ఇంటికి వెళ్తున్నారు కనుక మిఠాయితో పాటు పాత మెత్తటి నూలు చీరలు రెండు ఉతికి పట్టుకెళ్లండి. పసివాడికి పక్కగుడ్డలవుతాయి.