హ్యాండిల్ మీద ఏ ఫోన్ ఉండాలి?

ధూల్‌పేట్, హైదరాబాద్

అల్లుడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. జీతంలో దాచుకున్న డబ్బుతో బండికి దారి చూపే డబ్బా కొందామనుకుంటున్నావు, ఏది మంచిదో చెప్పమన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పురానాపూల్ దగ్గర ముప్పై ఏళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. పడిన బండిని చూస్తే ఎట్లా పడిందో నాకు తెలుస్తుంది. అందుకే నీకు ముందు చెప్పాల్సింది కొనడం గురించి కాదు.

నువ్వు రోజూ వాడే ఫోన్‌ని హ్యాండిల్ మీంచి తీసెయ్ బిడ్డా. అది నీ జేబులో ఉండాలి, జిప్పు వేసిన జేబులో. బండి జారి నువ్వొక పక్క, అదొక పక్క పడితే 108కి చెయ్యాల్సింది ఆ ఫోన్‌తోనే. హ్యాండిల్ మీద ఉంటే బండితోపాటు అదీ రాళ్ల మీద పడుతుంది. ఇంకో సంగతి. పెద్ద ఇంజన్ల అదురు హ్యాండిల్ మీది ఫోన్ కెమెరాలను పాడు చేయొచ్చని 2021 సెప్టెంబరులో యాపిల్ కంపెనీయే రాతపూర్వకంగా చెప్పింది. బొమ్మ కదలకుండా పట్టుకునే సన్నని భాగాలు ఆ అదురుకు క్రమంగా దెబ్బతింటాయి. మన మే నెల ఎండ సంగతి వేరే చెప్పాలా? ఎండలో కాలిన ఫోన్ ముందు వెలుగు తగ్గిస్తుంది, ఆ తర్వాత తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. సరిగ్గా మలుపు దగ్గరే ఆగుతుంది.

మరి హ్యాండిల్ మీద ఏం పెట్టాలి? మీ ఇంట్లో సొరుగులో పడి ఉన్న పాత ఫోన్. సిమ్ అక్కర్లేదు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది కుర్రాళ్లు అనుకుంటారు. అది తప్పు. ఉపగ్రహాలు చెబుతుంటాయి, ఫోన్ వింటుంది, అంతే. నాలుగు ఉపగ్రహాల మాట వినపడితే తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఇంటర్నెట్ కావాల్సింది పటం తెచ్చుకోవడానికి. ఆ పటాన్ని ఇంట్లో వైఫై మీదే దించుకో. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. రెండూ 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తాయి. గూగుల్ పటాన్నీ దించుకోవచ్చు కానీ దానికి గడువుంటుంది, బయల్దేరే ముందు కొత్తగా దించుకో. సిమ్ లేని ఫోన్‌కి ఉపగ్రహాలు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మన గల్లీల్లో మిద్దెల మధ్య ఆ నీలి చుక్క పక్క గల్లీలోకి గెంతడం నువ్వు చూసే ఉంటావు. అందుకని ఖాళీ ఆకాశం కింద నిలబడి, చుక్క కుదిరాకే కదులు.

తారు రోడ్డుకి ఇంతకు మించి ఏమీ వద్దు. ఉదాహరణకు శ్రీశైలం తొవ్వనే తీసుకో. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అమ్రాబాద్ పులుల అడవి, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. వటవర్లపల్లి, దోమలపెంట దాకా చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. దించుకున్న పటం ఉంటే చాలు. కానీ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ గేటు మూసేస్తారు. పటం మధ్యాహ్నం చూపిన గీతనే రాత్రి పదింటికీ చూపిస్తుంది. గీత ఉందని అడవిలో పక్క బాటలు పట్టకు. అనుమతి లేకుండా అక్కడికి పోకూడదు.

మట్టిబాటల సంగతి వేరు. ఓ వానాకాలం వికారాబాద్ దాటి తాండూరు వైపు కందిచేల మధ్యగా పోతున్నాను. చినుకులు తెర మీద పడి వేళ్లు నొక్కినట్టు నొక్కాయి. పటం ఎటో జరిగిపోయింది, నేను చూసుకోలేదు. అది రోడ్డని చూపిన బండ్లబాటలో నల్లరేగడి మడ్‌గార్డు నిండా పట్టేసి చక్రం తిరగనంది. గొర్లు కాసుకునే పెద్దాయన కర్ర ఎత్తి, ఆ తొవ్వ చెలక దాకే పోతదని చెప్పాడు. గంటన్నర పుల్లతో బురద గీక్కుంటూ కూచున్నాను.

అట్లాంటి చోట్లకు నువ్వు నేర్చుకోవాల్సింది రూట్‌కీ ట్రాక్‌కీ తేడా. రూట్ అంటే ఇక్కణ్నుంచి అక్కడికి ఎట్లా పోవాలో యంత్రం లెక్క కట్టేది. కాస్త దారి తప్పితే లెక్క మార్చి ఇంకెటో తిప్పుతుంది. ట్రాక్ అంటే ఎవరో నిజంగా బండి నడిపి వదిలిన టైరు జాడ. అది మారదు. కాబట్టి ఆఫ్‌రోడ్‌కి పోయినవాళ్లను దారిని దాచుకున్న జీపీఎక్స్ ఫైల్ అడుగు, అందులో ట్రాక్ ఉందో లేదో చూడు. అది ఏ నెలలో నడిపిందో తప్పకుండా అడుగు. మార్చిలో ఇసుక తేలిన వాగు ఆగస్టులో మనిషిని కొట్టుకుపోతుంది. 2024 మే నెలలో కేరళ చూడబోయిన మన హైదరాబాద్ వాళ్లు నలుగురు, ఫోన్ పటాన్ని నమ్మి కురుప్పంతర దగ్గర నిండుగా పారుతున్న వాగులోకి కారు తోలారు. చుట్టుపక్కలవాళ్లు, పోలీసులు ఆదుకోబట్టి ప్రాణాలు దక్కాయి. కారు మునిగిపోయింది. వాళ్లది కారు. అదే నీళ్లలోకి బండి మీద పోతే ఏమయ్యేదో ఆలోచించు.

ఇక బండికి దారి చూపే డబ్బా, గార్మిన్ జూమో. మంచి యంత్రం. గ్లౌజు వేలితో పనిచేస్తుంది, ఎండలో కనిపిస్తుంది, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునే రకం. కానీ దాని ఖరీదుతో మంచి హెల్మెట్, జాకెట్, మోకాలి గార్డులు వస్తాయి. అవి ఉన్నాయా నీ దగ్గర? లేకపోతే ముందు అవి. ఉన్నాయంటే, ఈ ఏడాది పాత ఫోన్‌తో నాలుగైదుసార్లు మట్టిబాటలు తిరిగి, ఇంకా తిరగాలనిపిస్తే అప్పుడు కొను. కొనే రోజు షాపులోనే వటవర్లపల్లి పేరు కొట్టి చూడు. దొరక్కపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎక్కించవచ్చో లేదో అడుగు.

కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకు ట్రిప్పర్ అని గుండ్రటి డయల్ వస్తోంది. 2020లో మీటియర్‌కి బాణం గుర్తు మాత్రమే చూపేది, 2023లో వచ్చిన హిమాలయన్ 450కి మొత్తం పటమే చూపిస్తోంది. బాగుంటుంది. కానీ రెండూ ఫోన్ మీద ఆధారపడేవే. ఫోన్ ఆగితే అవీ ఆగుతాయి.

ఒకటి మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోకు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపుతాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడినవాళ్లున్నారు. ఉపగ్రహాల మాట వినే యంత్రానికి ఇబ్బంది లేదు, తిరిగి మాట్లాడేదే చిక్కు.

ఇక హ్యాండిల్ మీది పాత ఫోన్ చార్జర్ వైరు నేరుగా బ్యాటరీకి తగిలించకు. తాళం తీసినా కరెంటు లాగుతూనే ఉంటుంది, అడవి పక్క ఊళ్లో పొద్దున సెల్ఫ్ తిరగదు. ఇగ్నిషన్ తర్వాత, ఫ్యూజు వేసి ఇవ్వాలి.

సంక్రాంతికి మన ధూల్‌పేట్ మిద్దెల మీద చూశావు కదా, పతంగి మీదే కన్నుంచి గోడ అంచు మర్చిపోయే పిల్లల్ని. తెర కూడా అట్లాగే లాగుతుంది. హెల్మెట్‌లో ఒక చెవికి మాట వినపడేట్టు పెట్టుకో, తెరను బండి ఆపినప్పుడే చూడు. ఊరు రాగానే చాయ్ తాగే చోట ముందు తొవ్వ ఎట్లుందని అడుగు, అడిగితే చిన్నతనం కాదు.

ఆదివారం పొద్దున బండి, పాత ఫోన్ రెండూ తీసుకురా, వైరింగ్ నేనే చేస్తాను. వెళ్లే దారి, తిరిగొచ్చే గంట కాగితం మీద రాసి మీ అమ్మ చేతిలో పెట్టాకే గడప దాటు.

మీ మామ