ఏడు దినముల మౌనము

పాఠ్యభాగము: యోబు 2:11–13



1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరము దాటిన తుఫాను కోనసీమను, యానాంను ఊడ్చివేసినది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులలో అనేకుల శరీరములు దొరకనేలేదు. మా అడవిపొలంలో ఆ రాత్రి మాట ఎత్తితే పెద్దవారు నేటికిని కాసేపు మాట్లాడరు.

మట్టి చేయని దుఃఖము వేరు. "వస్తాడేమో" అని మనస్సు వాకిలివైపే చూస్తుంది. పరదేశములో ఫోనులోనే తల్లి మరణవార్త విని, ఆఖరి చూపుకు అందలేకపోయిన మీలో కొందరి దుఃఖము దీనికి దగ్గరిదే.

యోబు స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు, ఒక్కమాట పలుకలేదు. నోరు తెరిచిన తరువాతనే తప్పిపోయారు! మనమైతే గడప దాటగానే "దేవుని చిత్తము" అంటాము. నేనూ అలా అన్నవాడినే. ఆ తల్లి ముఖము తిప్పుకొన్నది.

దుఃఖములో ఉన్నవారికీ ఈ మౌనము అవసరము. రోజుకు పది నిమిషములు కూర్చుని ఊపిరి రాకపోకలను గమనించండి. గుండెలో బరువును, గొంతులో ముడిని చూడండి, తరుమవద్దు. ఏడుపు వస్తే ఏడవండి. బేతనియలో ప్రభువే కన్నీళ్లు విడిచెను. వారముల తరబడి నిద్ర, తిండి లేకపోతే వైద్యుని చూడండి. అది అవిశ్వాసము కాదు.

ఆదరణ కూడిక ఒక్కపూటలో ముగుస్తుంది. మూడవ నెలలో వెళ్లేదెవరు? ఇద్దరిద్దరుగా వెళ్లండి, కూర క్యారేజీతో. చనిపోయినవారి పేరు పలకండి. కన్నవారు వినాలని ఎదురుచూసేది ఆ పేరే.

చర్చకు: ఎనిమిదవ దినమున ఆ ముగ్గురు ఏమి చేసియుండవలసినది?