తెగ తాగుతోంది అంటే ఎంత?

నేను మూడో తరగతిలో ఉండగా నాన్న పొలం నుంచి వస్తూ తువ్వాల్లో చుట్టి తెచ్చిన కుక్కపిల్ల లక్కీ. ఇప్పుడు నేను థర్డ్ ఇయర్, అది ముసల్ది. 12 ఏళ్లు. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో దాన్ని చూసుకునేది అమ్మానాన్నా. నేను హాస్టల్ నుంచి ఫోన్లో సలహాలిచ్చే బాపతు. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇలాంటి ముసలి కుక్క ఒకటి ఉండే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నా.

పోయిన ఏడాది మార్చిలో, మిడ్స్ ముందు, అమ్మ ఫోన్ చేసింది. "లక్కీ నీళ్లు తెగ తాగుతోందిరా. అన్నం సరిగ్గా ముట్టట్లేదు. ఎప్పుడూ లేంది రాత్రిళ్లు వరండాలోనే పోసేస్తోంది."

"ఎండలు మొదలయ్యాయి కదమ్మా. పైగా వయసైపోయింది" అన్నాను. చాలా తెలిసినవాడిలా.

రెండు రోజులకి మళ్లీ అదే మాట. ఈసారి నాకే ఎందుకో చిరాకేసి, "తెగ అంటే ఎంతమ్మా?" అని అడిగాను. అమ్మ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ల్యాబ్‌లో రీడింగ్ లేకుండా రికార్డు రాస్తే సార్ ఏమంటారో తెలుసు కాబట్టి, లీటరు సీసాతో కొలిచి పొయ్యమన్నాను. నాన్న ఎరువుల కొట్టు కాటా మీద లక్కీని ఎత్తుకుని ఒకసారి, ఒక్కడే ఒకసారి నిలబడ్డాడు. తేడా 14 కిలోలు.

లెక్క ఇదీ. మామూలుగా కుక్క రోజుకి కిలో బరువుకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. ఎండల్లో కాస్త పెరుగుతుంది. 100 దాటితే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే. అంటే మా లక్కీకి హద్దు లీటరున్నర లోపు. మర్నాటి పొద్దుటికి అమ్మ చెప్పిన అంకె: రెండున్నర సీసాలు.

ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్కణ్నుంచి స్కానింగ్‌కి గుంటూరు పంపించారు. గర్భసంచి నిండా చీము. దీన్ని పయోమెట్రా అంటారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి, ముఖ్యంగా వయసు మళ్లాక, ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకి వస్తుంది. మనుషుల్లో లాగా కుక్కలకి ముట్లుడగడం అంటూ ఉండదు, ముసలితనంలోనూ ఎదకొస్తూనే ఉంటాయి. నాకీ సంగతే తెలీదు. ఆ బ్యాక్టీరియా విషాలు కిడ్నీల పని చెడగొడితే మూత్రం చిక్కబడదు, పల్చగా పోతూనే ఉంటుంది. అందుకే అంత దాహం. కొన్నిటికి కిందినుంచి చీము కారుతుంది కాబట్టి తెలిసిపోతుంది. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే బయటికేమీ కనపడదు, అది ఇంకా ప్రమాదం. లక్కీది ఆ రెండో రకం. ఆ రాత్రే ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. బతికింది.

కిడ్నీ జబ్బు, షుగర్ మొదట్లో కూడా ఇలాగే ఎక్కువ నీళ్లతోనే బయటపడొచ్చు. ఈ మూడింటినీ మా ఇంట్లో "వయసు" అనే ఒక్క మాట కింద తోసేసేవాళ్లం.

అప్పట్నుంచి అమ్మ క్యాలెండర్ మీద లక్కీ లెక్కలు రాస్తోంది. నెలకోసారి బరువు, వారానికోసారి నీళ్లు. ఇంకోటి, గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు ఎగసిపడుతోందో అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యడం. నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ 20 ఉండేది వరసగా 35, 40 వస్తే గుండెకో ఊపిరితిత్తులకో ఇబ్బంది ఉందేమో అని డాక్టర్‌కి చూపించాలి. ఒళ్లు బాగున్నప్పుడు తీసిన అంకెలు లేకపోతే జబ్బుచేసినప్పుడు తీసినవాటిని దేంతో పోల్చాలి? వెర్నియర్‌కి జీరో ఎర్రర్ చూసుకోకుండా రీడింగ్ తీసినట్టే.

కొలవలేనిది నొప్పి. కుక్క మూలగదు. పడుకుని లేవడానికి రెండుసార్లు ప్రయత్నిస్తుంది, అరుగు ఎక్కే ముందు ఆగి ఆలోచిస్తుంది, ఒకే కాలిని నాకుతూ ఉంటుంది. చలికాలంలో లక్కీ కుంటుతుంటే నాన్న తన మోకాళ్ల నొప్పి మాత్ర సగం విరిచి పెట్టబోయాడు. ప్రేమతోనే. అమ్మ ఆపి నాకు ఫోన్ చేసింది, నేను డాక్టర్‌కి చేశాను. ఆయన గట్టిగానే కేకలేశారు. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. ఇంట్లో ఉన్న ఏ మాత్రయినా సరే, డాక్టర్‌ని అడక్కుండా వద్దు. కుక్కలకి విడిగా నొప్పి మందులున్నాయి, వాటికి ముందు రక్తపరీక్ష చేస్తే మంచిది.

మందు కంటే ముందు మేం చేసింది, నున్నటి టైల్స్ మీద గోనెపట్టాలు పరచడం. కాళ్లు జారడం ఆగేసరికి నడకే మారిపోయింది. పడుకోడానికి పాత బొంత. గోళ్లు పెరక్కుండా కత్తిరించడం. ఒక్కసారి దూరం తిప్పే బదులు పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. బరువు పెరక్కుండా అన్నం తగ్గించడం. ఇది అమ్మకి అన్నిటికంటే కష్టమైంది, "పాపం" అంటూ ఒక ముద్ద ఎక్కువే వేస్తుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర కలిపిన అన్నం మాత్రం పూర్తిగా మానిపించాం. అవి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కూడా వద్దు.

ఈమధ్య కళ్లలో నీలంగా పొర కనిపిస్తోంది. శుక్లం అని భయపడ్డాం. వయసుతో కంటి లెన్స్ మధ్యభాగం గట్టిపడి అలా కనిపిస్తుందట, చూపుకి పెద్ద అడ్డు కాదన్నారు. ఇలా నిజంగానే వయసు వల్ల వచ్చేవీ ఉంటాయి. కానీ ఆ మాట డాక్టర్ చూసి చెప్పాలి, నేను హాస్టల్ మంచం మీద పడుకుని కాదు.

నిన్న రాత్రి అమ్మ వాయిస్ మెసేజ్: "నీళ్లు ముప్పావు లీటరు. ఊపిరి ఇరవై రెండు. బరువు పదమూడున్నర. అరుగు ఒక్క ఊపులో ఎక్కిందిరా ఇవాళ. నువ్వు తిన్నావా?"