3.3 వోల్టుల పిన్‌తో 54 వోల్టుల బ్యాటరీని కొలవడం ఎలా? హై వోల్టేజ్ ఏడీసీ డిజైన్ పాఠం

ఎలక్ట్రిక్ సైకిల్‌కి సొంతంగా డిజిటల్ మీటర్ చేసుకుందామనుకునే వాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, చిన్న ఓలెడ్ డిస్‌ప్లే ఉంటే చాలు అనిపిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, 48 వోల్టుల ప్యాక్‌లో 13 లిథియం సెల్స్ సిరీస్‌లో ఉంటాయి. ఫుల్ చార్జ్‌లో ఒక్కో సెల్ 4.2 వోల్టులు, అంటే మొత్తం 54.6 వోల్టులు. ఈఎస్‌పీ32 పిన్ తట్టుకునేది 3.3 వోల్టులే. డైరెక్ట్‌గా కలిపితే బోర్డు అక్కడికక్కడే పోతుంది.

కాబట్టి ఏడీసీకి, అంటే అనలాగ్ సిగ్నల్‌ని అంకెగా మార్చే భాగానికి ముందు వోల్టేజ్‌ని తగ్గించాలి. ఎలాగో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

స్టెప్ 1: ఎంత తగ్గించాలి?

3.3 వరకు ఉంది కదా అని మొత్తం వాడేయకండి. ఈఎస్‌పీ32 ఏడీసీ ఎక్కువ అటెన్యుయేషన్ సెట్టింగ్‌లో కూడా నమ్మకంగా కొలిచేది సుమారు 0.15 నుంచి 2.45 వోల్టుల మధ్యే. ఆపైన రీడింగ్ వంకర పోతుంది. మన ప్యాక్ 54.6 వరకు వెళ్తుంది, కొంచెం మార్జిన్ వేసుకుని 60 అనుకుందాం. 60 వోల్టులు 2.4 కావాలంటే 25 వంతులు తగ్గాలి.

దీనికి రెండు రెసిస్టర్ల వోల్టేజ్ డివైడర్ చాలు. పైన 240 కిలో ఓమ్‌లు, కింద 10 కిలో ఓమ్‌లు. మొత్తం 250లో 10, అంటే సరిగ్గా 25లో ఒక వంతు. 54.6 వోల్టులు పిన్ దగ్గర 2.184 వోల్టులు అవుతుంది.

స్టెప్ 2: ఈ విలువలే ఎందుకు?

నిష్పత్తి ఒకటే కదా, 2.4 కిలో ఓమ్‌లు, 100 ఓమ్‌లు పెడితే ఏమవుతుంది? లెక్క వేద్దాం. అప్పుడు కరెంట్ 21.8 మిల్లీ ఆంపియర్లు. దాదాపు 1.2 వాట్ల వేడి పుడుతుంది. మామూలు పావు వాట్ రెసిస్టర్ మాడిపోతుంది. పైగా రోజుకి 524 మిల్లీ ఆంపియర్ అవర్లు ఊరికే ఖర్చు. బండి వాడకుండా పక్కన పెడితే 10 ఆంపియర్ అవర్ల ప్యాక్‌ని ఈ మీటరే మూడు వారాల లోపు ఖాళీ చేసేస్తుంది. 240, 10 కిలో ఓమ్‌లతో అయితే రోజుకి 5 మిల్లీ ఆంపియర్ అవర్లే.

మరి ఇంకా పెంచి 2.4 మెగా ఓమ్‌లు పెడితే? అక్కడ వేరే చిక్కు. ఏడీసీ లోపల ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. కొలిచే ప్రతిసారీ అది క్షణంలో నిండాలి. సన్నగా కారే కుళాయి కింద బిందె పెట్టి, నిండకముందే తీసేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. రీడింగ్ తప్పుతుంది. ఆర్డినో ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్ డేటాషీట్ కూడా సోర్స్ ఇంపెడెన్స్ 10 కిలో ఓమ్‌ల లోపు ఉండాలనే చెబుతుంది. మన డివైడర్ ఇంపెడెన్స్ 9.6 కిలో ఓమ్‌లు.

పిన్‌కి, గ్రౌండ్‌కి మధ్య 100 నానోఫారడ్ల కెపాసిటర్ ఒకటి కలపండి. ఇది కుళాయి పక్కన ఎప్పుడూ నిండుగా ఉండే డ్రమ్ము లాంటిది. ఏడీసీ అందులోంచి ముంచుకుంటుంది. మోటార్ కంట్రోలర్ నుంచి వచ్చే నాయిస్ కూడా తగ్గుతుంది.

స్టెప్ 3: ఏదైనా తెగిపోతే?

చాలామంది వదిలేసే పాయింట్ ఇదే. గతుకుల రోడ్డు మీద కింది రెసిస్టర్ సోల్డర్ ఊడిందనుకోండి, ప్యాక్ వోల్టేజ్ అంతా పిన్ వైపే తిరుగుతుంది. అందుకే పిన్ నుంచి 3.3 లైన్‌కి, గ్రౌండ్‌కి బ్యాట్54ఎస్ లాంటి షాట్‌కీ డయోడ్ జంట పెట్టాలి. పైన 240 కిలో ఓమ్‌లు ఉన్నాయి కాబట్టి డయోడ్ మోయాల్సింది 0.2 మిల్లీ ఆంపియర్లే. అదే 2.4 కిలో ఓమ్‌లు ఉంటే 20 మిల్లీ ఆంపియర్లు దాటేది.

ఆ 240ని ఒకే రెసిస్టర్‌గా కాకుండా రెండు 120లుగా పెట్టడం ఇంకా మంచిది. ఒకటి షార్ట్ అయినా రెండోది కాపాడుతుంది.

స్టెప్ 4: రీడింగ్‌ని ఎంత నమ్మాలి?

12 బిట్ ఏడీసీ అంటే 4096 మెట్లు. 3.3 వోల్టుల స్కేల్‌లో ఒక మెట్టు 0.8 మిల్లీ వోల్టులు. దాన్ని 25తో గుణిస్తే బ్యాటరీ వైపు 20 మిల్లీ వోల్టులు. బ్యాటరీ మీటర్‌కి ఇది ధారాళంగా సరిపోతుంది. అసలు దెబ్బ రెసిస్టర్ల దగ్గర పడుతుంది. 1 శాతం టాలరెన్స్ రెసిస్టర్లు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే మొత్తం తేడా దాదాపు 2 శాతం, అంటే 1 వోల్టు! మీటర్ 54.6 చూపిస్తున్నప్పుడు ప్యాక్ నిజంగా 55.6 దగ్గర ఉండొచ్చు. అంటే సెల్‌కి దాదాపు 4.28 వోల్టులు, ఓవర్ చార్జ్.

కాబట్టి మంచి మల్టీమీటర్‌తో సుమారు 40 దగ్గర ఒకసారి, 54 దగ్గర ఒకసారి పోల్చి కోడ్‌లో సరిచేయండి. షాట్‌కీ డయోడ్ లీకేజ్ వేడికి పెరుగుతుంది, అందుకే ఎండలో తిరిగొచ్చాక కూడా ఒకసారి చెక్ చేయండి. వైఫై వాడుతుంటే 32 నుంచి 39 వరకు ఉన్న పిన్లే తీసుకోండి. అవి మొదటి ఏడీసీవి. వైఫై ఆన్‌లో ఉంటే రెండో ఏడీసీ పనిచేయదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ మీటర్ చూడటానికే. చార్జింగ్ ఆపే బాధ్యత బీఎంఎస్‌దే.

రెడీమేడ్ చిప్‌లు లేవా?

ఉన్నాయి. ఐఎన్ఏ226 నేరుగా 36 వోల్టులు, ఐఎన్ఏ228 85 వోల్టులు కొలుస్తాయి. ఏడీ7606 అయితే ఒక్క 5 వోల్టుల సప్లైతోనే ప్లస్ మైనస్ 10 వోల్టుల సిగ్నల్ తీసుకుంటుంది. ఏడీఎస్1115తో మాత్రం జాగ్రత్త. సెట్టింగ్‌లో 6.144 వోల్టుల రేంజ్ కనిపిస్తుంది కానీ అది స్కేల్ మాత్రమే. సప్లై 3.3 ఉంటే పిన్‌కి 3.6 దాటి ఇవ్వకూడదు.

230 వోల్టులకీ ఇదే సర్క్యూటా?

వద్దు! ఇంటి కరెంట్ 230 అంటున్నా దాని పీక్ 325 వోల్టులు. 0805 సైజు రెసిస్టర్ సాధారణంగా తట్టుకునేది 150 వోల్టులే. అంతకంటే పెద్ద విషయం, డివైడర్ వోల్టేజ్‌ని తగ్గిస్తుంది కానీ కరెంట్ లైన్ నుంచి మనల్ని విడదీయదు. ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే మీ బోర్డు గ్రౌండ్, దానికి కలిపిన ల్యాప్‌టాప్ బాడీ కూడా షాక్ కొడతాయి. అక్కడ జెడ్‌ఎంపీటీ101బీ లాంటి ట్రాన్స్‌ఫార్మర్ మాడ్యూల్ గానీ, ఏఎంసీ1311 లాంటి ఐసొలేటెడ్ యాంప్లిఫైయర్ గానీ ఉండాల్సిందే. వైరింగ్ కూడా అనుభవం ఉన్నవాళ్ల దగ్గరుండి చేయించుకోండి.

ఈసారి ఏ ప్రాజెక్ట్‌లోనైనా డివైడర్ గీసేటప్పుడు నిష్పత్తి ఒక్కటే చూసి ఆగిపోకండి. వేడి ఎంత, ఇంపెడెన్స్ ఎంత, ఒక వైర్ తెగితే పిన్‌కి ఏం వస్తుంది? ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి.